డక్స్‌ఫర్డ్ యుద్ధ విమానాల మ్యూజియానికి ముప్పై మందితో వెళ్తున్నాం, ఒక్క రోజులో ఏం చూడాలి, ఎలా తిప్పాలి?

మీరు అడిగింది ఇది: ముప్పై మంది ఒక బస్సు మాట్లాడుకుని ఇంగ్లాండులో కేంబ్రిడ్జ్ దగ్గరి డక్స్‌ఫర్డ్ మ్యూజియానికి వెళ్తున్నారు. పదేళ్ల పిల్లలున్నారు, డెబ్బై దాటిన పెద్దలున్నారు. విమానాల సంగతి తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఎవరికీ విసుగు రాకుండా రోజంతా ఎలా నడపాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని.

నేను విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. అప్పటి నుంచి ఇక్కడికీ, లండన్ హెండన్‌లోని ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియానికీ గుంపులను తీసుకెళ్తున్నాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను.

అన్నీ చూపించాలని పెట్టుకోకండి. నాలుగైదు చోట్లు ఎంచుకుని, ఒక్కోచోట అరగంట నిలబడండి. మొదలు అందరికీ తెలిసిన స్పిట్‌ఫైర్ యుద్ధ విమానంతో కాకుండా ఆపరేషన్స్ రూమ్‌తో, అంటే విమానాలను నడిపించిన కంట్రోల్ గదితో పెట్టండి. మధ్యాహ్నం రెండు దాటాక గుంపును వదిలేయండి, ఎవరికి నచ్చిన చోటికి వాళ్లు పోతారు.

ఎందుకంటే ఇది మామూలు మ్యూజియం భవనం కాదు, నిజమైన ఎయిర్‌ఫీల్డ్. 1918 నాటిది. ఒక కొసన ఎయిర్‌స్పేస్ అనే పెద్ద హాలు, రెండో కొసన అమెరికన్ ఎయిర్ మ్యూజియం, మధ్యలో వరుసగా హ్యాంగర్లు, అంటే విమానాలు నిలిపే షెడ్లు. అటు నుంచి ఇటు నడిస్తేనే కిలోమీటరు దాకా అవుతుంది, అదీ కాంక్రీటు మీద. మూడో హ్యాంగర్ దాటేసరికి విమానాలంటే ఇష్టం లేనివాళ్లకు అన్నీ ఒకేలా కనిపించడం మొదలవుతుంది. నాలుగో హ్యాంగర్‌లో పిల్లలు షాపు ఎక్కడ అని అడుగుతారు. పెద్దవాళ్లు అడగరు, ఊరికే బెంచీ వెతుక్కుంటారు.

ముప్పై మందిని ఏడుగురేసి జట్లు చేయండి. ఈ అంకె నేను ఊరికే చెప్పడం లేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ లాంకాస్టర్ బాంబర్‌లో ఎగిరేది ఏడుగురు: పైలట్, ఫ్లైట్ ఇంజనీర్, నావిగేటర్, బాంబ్ ఎయిమర్, వైర్‌లెస్ ఆపరేటర్, విమానం వీపు మీద టర్రెట్‌లో (తిరిగే తుపాకీ గూడులో) ఒక గన్నర్, తోక చివర ఇంకో గన్నర్. నాలుగు జట్లకు ఇరవై ఎనిమిది మంది పోతారు. మిగిలిన ఇద్దరూ టికెట్లు, ఫోన్లు, తప్పిపోయిన పిల్లల పని చూసుకోవాలి. ఏడు పాత్రల పేర్లు చీటీల మీద రాసి బస్సులోనే పంచండి.

జట్లు మీరు కాగితం మీద రాయకండి, వాళ్లనే కలుసుకోనివ్వండి. ఆర్‌ఏఎఫ్‌లో బాంబర్లను నడిపే విభాగమైన బాంబర్ కమాండ్‌లో చాలాచోట్ల ఇలాగే చేసేవాళ్లు. శిక్షణ కేంద్రంలో పైలట్లను, నావిగేటర్లను, గన్నర్లను ఒక హ్యాంగర్‌లోకి తోలి, మీ సిబ్బందిని మీరే వెతుక్కోండి అని వదిలేసేవాళ్లు. ఫ్లైట్ ఇంజనీర్ మాత్రం తర్వాత, పెద్ద విమానాల శిక్షణకు వెళ్లినప్పుడు చేరేవాడు. ఇలా కలిసినవాళ్లే నెలల తరబడి ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టుకుని ఎగిరారు. మీ గుంపులో ఇలా వదిలేస్తే పదేళ్ల పిల్లవాడు ఒక తాతగారిని పైలట్‌గా పట్టుకొస్తాడు. వయసుల వారీగా మీరు విడదీస్తే అది జరగదు. ఒక జాగ్రత్త: మొహమాటస్తులు ఒక మూల మిగిలిపోతారు. ఆ ఇద్దరు నిర్వాహకులూ వాళ్లమీద ఒక కన్నేసి ఉంచాలి. చిన్నపిల్లల జట్టులోనే వాళ్ల అమ్మో నాన్నో ఉండేలా కూడా చూసుకోండి.

ఇక చూడాల్సినవి.

ఆపరేషన్స్ రూమ్. చాలామంది గుమ్మంలో నుంచి తొంగి చూసి వెళ్లిపోతారు. ఒక పెద్ద బల్ల, దానిమీద మ్యాపు, గోడకు ఒక గడియారం, అంతే కదా అనిపిస్తుంది. కానీ 1940లో జర్మన్ విమాన దాడుల ముందు (ఆ పోరునే బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ అంటారు) బ్రిటన్‌ను నిలబెట్టిన వ్యవస్థ అర్థమయ్యేది ఇక్కడే. అప్పటి చెయిన్ హోమ్ రాడార్లు సముద్రం వైపే చూసేవి. శత్రు విమానం తీరం దాటి లోపలికి వచ్చిందంటే ఇక దాన్ని కనిపెట్టేది మనుషులే, అబ్జర్వర్ కోర్ వాళ్లు, కళ్లతో, చెవులతో. ఆ కబుర్లన్నీ టెలిఫోన్‌లో వచ్చి, వడపోతకు గురై, చివరికి ఇలాంటి గదుల్లో బల్లమీద చిన్న చిన్న గుర్తులుగా మారేవి. వాటిని పొడుగాటి కర్రలతో జరిపేది ఎక్కువగా యువతులే.

గోడ గడియారం చూపించండి. ఐదేసి నిమిషాలకు ఎరుపు, పసుపు, నీలం రంగులు మారుతుంటాయి. బల్లమీద పెట్టే బాణానికి కూడా ఆ నిమిషానికి గడియారం ముల్లు ఏ రంగు మీద ఉంటే ఆ రంగే. కంట్రోలర్ పైనుంచి ఒక్క చూపు చూస్తే చాలు, ఏ సమాచారం తాజాదో, ఏది పాతబడిపోయిందో తెలిసిపోతుంది. కంప్యూటర్ లేని కాలంలో ఇంత తెలివైన పని నాకు తెలిసి ఇంకొకటి లేదు. ఐటీ ఉద్యోగాలు చేసేవాళ్లు మీ గుంపులో ఉంటే ఇక్కడి నుంచి కదలరు, చూడండి.

ఇక్కడే ఒక వాదన పెట్టండి. డక్స్‌ఫర్డ్ 12వ గ్రూపు (ఫైటర్ విమానాల ప్రాంతీయ విభాగం) కిందిది, దాని కమాండర్ లీ-మాలరీ. దక్షిణాన లండన్‌ను కాపాడే 11వ గ్రూపు కీత్ పార్క్‌ది. స్పిట్‌ఫైర్ 20,000 అడుగులు ఎక్కడానికే ఎనిమిది తొమ్మిది నిమిషాలు పట్టేది. పార్క్ ఉన్నవాటిని ఉన్నట్టు వెంటనే పంపేవాడు. డక్స్‌ఫర్డ్ నుంచి ఎగిరిన డగ్లస్ బేడర్ మాత్రం ముందు అన్ని స్క్వాడ్రన్లనూ (విమాన దళాలనూ) ఒకచోట చేర్చి పెద్ద దండుగా వెళ్దామనేవాడు, లీ-మాలరీ అతన్ని సమర్థించాడు. సెప్టెంబరు 15న ఐదు స్క్వాడ్రన్లు అలాగే వెళ్లాయి. మీ జట్లలో రెండు పార్క్ వైపు, రెండు బేడర్ వైపు. పది నిమిషాలు కొట్లాడుకోనివ్వండి. నేనైతే పార్క్ పక్షమే. తీరానికి దగ్గరున్నవాడికి దండు పోగుచేసుకునే తీరిక లేదు. అయినా ఆ పోరు గెలిచిన కొద్ది వారాలకే పార్క్‌నూ, అతని పైఅధికారి డౌడింగ్‌నూ పదవుల్లోంచి తప్పించి, పార్క్ కుర్చీలో లీ-మాలరీనే కూర్చోబెట్టారు. ఆఫీసు రాజకీయాలు అప్పుడూ ఉన్నాయి.

బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ హ్యాంగర్. ఇక్కడ జర్మన్ మెసర్‌ష్మిట్ 109 ఒకటుంది, 1940 సెప్టెంబరు 30న ససెక్స్‌లో నేలకు దిగిపోయినది. పొలంలో పడి ఉన్నట్టుగానే పెట్టారు. దాని ముందు నిలబడి ఇంజన్ సంగతి చెప్పండి. మెసర్‌ష్మిట్‌లో ఇంధనం నేరుగా సిలిండర్లలోకి ఇంజెక్ట్ అయ్యేది. బ్రిటిష్ ఫైటర్లు స్పిట్‌ఫైర్, హరికేన్‌లలోని రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజన్‌కు కార్బురేటర్ ఉండేది. పైలట్ ముక్కును ఒక్కసారిగా కిందికి తోస్తే కార్బురేటర్‌లో పెట్రోలు పైకి ఎగదన్ని ఇంజన్ దగ్గేది, ఒక్కోసారి ఆగేది. జర్మన్ పైలట్లు ఈ కిటుకు కనిపెట్టి, వెంట పడితే చాలు ముక్కు దించి జారిపోయేవాళ్లు. 1941 తొలి నెలల్లో బీట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీర్ దీనికి మందు కనిపెట్టింది: పెట్రోలు మితిమీరి పారకుండా ఆపే చిన్న లోహపు ముక్క, నడుమ బెజ్జంతో. విమానాన్ని సర్వీసు నుంచి తప్పించకుండానే బిగించేయొచ్చు. తన బృందంతో స్టేషన్ స్టేషన్‌కూ తిరిగి బిగించింది. అసలు పరిష్కారం తర్వాత వచ్చిన కొత్త కార్బురేటర్లే అయినా, ఆ మధ్య కాలంలో పైలట్లను కాపాడింది ఈ బెజ్జం ముక్కే. మెయింటెనెన్స్ మనిషిని కనుక నాకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

పిల్లల కోసం ఇంకొకటి. 1940 నాటి స్పిట్‌ఫైర్ రెక్కల్లో ఎనిమిది మెషిన్‌గన్లు, ఒక్కోదానికి దాదాపు 300 తూటాలు. ట్రిగ్గర్ వదలకుండా నొక్కితే పదిహేను సెకన్లలో అన్నీ అయిపోతాయి. అందరితో కలిసి పైకి పదిహేను లెక్కపెట్టించండి. సినిమాల్లో నిమిషాల తరబడి కాల్చడం చూసినవాళ్లు అవాక్కవుతారు.

హరికేన్ కనిపిస్తే దాని వెనక భాగం దగ్గర ఆగండి. అది లోహపు గొట్టాల చట్రం, దానిమీద చెక్క బద్దలు, పైన సాగదీసిన గుడ్డ. తూటా ఒకవైపు దూరి ఇంకోవైపు పోతే స్టేషన్‌లోనే అతుకు వేసి మళ్లీ ఎగరేసేవాళ్లు. స్పిట్‌ఫైర్‌ది రేకు ఒళ్లు, దాన్ని సరిచేయడానికి ఎక్కువ పని. 1940 వేసవిలో హరికేన్లే ఎక్కువున్నాయి, ఎక్కువ శత్రు విమానాలను కూల్చిందీ అవే. ఫోటోలు మాత్రం ఇప్పటికీ స్పిట్‌ఫైర్‌కే. స్పిట్‌ఫైర్‌ను మొట్టమొదట అందుకున్నది కూడా ఈ డక్స్‌ఫర్డ్‌లోని 19వ స్క్వాడ్రనే, 1938 ఆగస్టులో.

ఇక్కడి నుంచి నడుస్తుంటే పాత హ్యాంగర్ల వరుసలో ఒకచోట ఖాళీ కనిపిస్తుంది. బాంబు పడిందా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. కాదు, 1968లో ఒక సినిమా షూటింగ్ కోసం నిజంగానే పేల్చేశారు.

లాంకాస్టర్, ఎయిర్‌స్పేస్ హాలులో. చీటీలు బయటికి తీయించండి. ప్రతి జట్టూ విమానం కింద తమ తమ చోట్లలో నిలబడాలి. లోపలికి ఎక్కనివ్వరు, కింద నుంచే చూసుకోవాలి. ఐదుగురు ముందువైపు దగ్గరదగ్గరగా ఉంటారు. వీపు గన్నర్ కాస్త దూరం. తోక గన్నర్ అందరికీ వెనక, ఒంటరిగా. ఎనిమిది గంటల రాత్రి ప్రయాణంలో అతను ఇంకో మనిషి ముఖం చూడడు, ఇంటర్‌కమ్‌లో గొంతులే తోడు. చలి సున్నాకు ముప్పై నలభై డిగ్రీల కిందికి పోయేది.

మీ వెంట ఒక కొలత టేపు తీసుకెళ్లండి. ముక్కు కింద బయటికి దూకే తలుపు ఉంటుంది, దాని వెడల్పు 22 అంగుళాలు. టేపు చాచి పట్టుకుని, ఛాతీకి పారాచూట్ తగిలించుకుని, ఒంటికి మందపాటి దుస్తులు వేసుకుని, చీకట్లో, గిరగిరా తిరుగుతున్న విమానంలోంచి ఇందులోంచి దూకాలి అని చెప్పండి. హాలిఫాక్స్ బాంబర్‌లో ఆ తలుపు 24 అంగుళాలు. కూలిన హాలిఫాక్స్‌ల నుంచి బతికి బయటపడినవాళ్ల శాతం లాంకాస్టర్ల కంటే ఎక్కువ. కారణం ఆ రెండంగుళాలొక్కటే కాకపోవచ్చు, కానీ వాటి పాత్ర చిన్నది కాదు.

సిబ్బంది ఒక విడత డ్యూటీలో మామూలుగా 30 దాడులు పూర్తిచేయాలి. బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. ఏడుగురి జట్టులో ముగ్గురు అన్నమాట. మరీ చిన్నపిల్లలుంటే చీటీలు చింపించి నాటకం ఆడించకండి, అలా చేసేవాళ్లను చూశాను, నాకు నచ్చదు. లెక్క చెప్పి ఊరుకోండి. పెద్దవాళ్లు వాళ్లంతట వాళ్లే పక్కవాళ్లను చూసుకుంటారు.

ఇక్కడే రెండోవైపు కూడా చెప్పాలి. ఈ విమానాలు మోసింది బాంబులు, అవి పడింది ఊళ్లమీద. 1943 జూలై చివర్లో హాంబర్గ్‌లో మంటల తుఫాను లేచి ముప్పై వేలకు పైగా జనం పోయారు. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌లో చనిపోయినవాళ్లు 25,000 వరకు ఉంటారని చరిత్రకారుల సంఘం 2010లో తేల్చింది. అమెరికన్ హాలులో బి-29 బాంబర్ దగ్గర నిలబడితే టోక్యో గురించి చెప్పాలి: 1945 మార్చి 9-10 రాత్రి బాంబు దాడిలో దాదాపు లక్షమంది పోయారు. చాలామంది గైడ్లు పిల్లలున్నారని ఈ భాగం దాటేస్తారు. పదేళ్ల పిల్లలకు ఇది చెప్పొచ్చు. మెత్తగా, అంకెలు తక్కువగా, కానీ దాచకుండా. అయితే ఎవరు తప్పు అని తీర్పు అక్కడికక్కడే చెప్పమనకండి. అమెరికాలో హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే విమానాన్ని ప్రదర్శించబోయి, ఎలా చెప్పాలన్న దానిమీద 1995లో ఎంత పెద్ద గొడవైందంటే, ఆ మ్యూజియం డైరెక్టర్ రాజీనామా చేయాల్సి వచ్చింది. పెద్ద పెద్ద సంస్థలకే కుదరని పని అరగంటలో మీ బస్సు జనంతో అయ్యేది కాదు.

అమెరికన్ ఎయిర్ మ్యూజియం. నార్మన్ ఫోస్టర్ డిజైన్ చేసిన భవనం, 1997లో తెరిచారు. లోపలున్న బి-52 బాంబర్ ఎంత పెద్దదంటే, ఆ రెక్కలు పట్టేలా భవనాన్ని గీశారు. కానీ లోపలికి వెళ్లే ముందే బయట గాజు పలకల దగ్గర ఆగండి. 52 పలకలు. వాటిమీద 7,031 చిన్న చిన్న విమానాల బొమ్మలు చెక్కి ఉంటాయి, బ్రిటన్ నుంచి దాడులకు వెళ్లి తిరిగిరాని అమెరికన్ విమానాలు అవి. పెద్ద బాంబరైతే ఒక్కో బొమ్మకు పదిమంది. గైడ్ మాట అక్కర్లేని చోటు ఇదొక్కటే, ఎవరి వేగంలో వాళ్లను నడవనివ్వండి. 1943 నుంచి ఈ ఎయిర్‌ఫీల్డే అమెరికన్ 78వ ఫైటర్ గ్రూప్ స్థావరం, ముక్కు మీద నలుపు తెలుపు గళ్ల రంగు వాళ్లదే. ఆ గుర్తును వెతికే పని పిల్లలకు అప్పగించండి.

ఐదోది మీ ఇష్టం. నన్నడిగితే మరమ్మతులు జరిగే హ్యాంగర్. తళతళలాడే విమానం కంటే విప్పి పరిచిన విమానం ఎక్కువ మాట్లాడుతుంది. వలంటీర్లలో చాలామంది పనిచేసి రిటైరైనవాళ్లే. "ఇది ఏమిటి?" అని కాక "ఇందులో మీకు ఎక్కువ తలనొప్పి తెచ్చిన భాగం ఏది?" అని అడిగి చూడండి, అరగంట మిమ్మల్ని వదలరు.

పాత విమానాలు ఎలా బతికాయో చెప్పడానికి నేను తరచూ వాడే ఉదాహరణ లిబరేటర్ బాంబర్‌ది. యుద్ధం అయ్యాక ఆర్‌ఏఎఫ్ తన లిబరేటర్లను కాన్పూర్‌లో మళ్లీ ఎగరకుండా పాడుచేసి వదిలేసి వెళ్లింది. 1948 నుంచి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు ఆ తుక్కులోంచి నలభై దాకా బాగుచేసి భారత వైమానిక దళానికి అందించారు. అవి 1960ల చివరిదాకా ఎగిరాయి. ఇవాళ ప్రపంచంలో మిగిలిన కొద్దిపాటి లిబరేటర్లలో పలు విమానాలు ఆ కాన్పూర్‌వే. బ్రిటన్ ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలోని లిబరేటర్ కూడా 1974లో భారతదేశం ఇచ్చినదే. పాడుచేసి వదిలినవాళ్లకే బాగుచేసి తిరిగిచ్చారన్నమాట.

ఇక చిల్లర విషయాలు.

ఎయిర్ షో రోజున గుంపుతో వెళ్లకండి. టికెట్టు వేరు, జనం వేరు, మీ జట్లు అరగంటలో చెల్లాచెదురు. మామూలు రోజుల్లోనే, వాతావరణం బాగుంటే, ఎగిరే స్థితిలో ఉన్న పాత విమానం ఏదో ఒకటి రన్‌వే మీదికి వస్తుంది. మెర్లిన్ శబ్దం వినబడితే మీరు ఏం చెబుతున్నా ఆపేసి అందర్నీ బయటికి తీసుకురండి.

గుంపు టికెట్లు ముందే బుక్ చేసి, గైడ్ టూర్ కావాలంటే అప్పుడే అడగండి. ప్రదర్శనలు మారుతుంటాయి, మీరు ఎంచుకున్న విమానం ఆ వారం ఉందో లేదో కూడా చూసుకోండి.

ముట్టుకోవద్దు అంటే నిజంగానే వద్దు. చేతి చెమటలోని ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. పాత కాక్‌పిట్ డయళ్లలో చీకట్లో మెరవడానికి రేడియం పూత వేసేవాళ్లు, చాలా కాక్‌పిట్లు మూసి ఉంచడానికి అదొక కారణం. ఇంకొకటి, రెక్కల కింద నుంచి, ముందు నుంచి సన్నటి గొట్టాలు పొడుచుకొచ్చి ఉంటాయి, గాలి వేగం కొలిచే పిటాట్ ట్యూబులు. సరిగ్గా నుదురు ఎత్తులో. ఫోన్ చూసుకుంటూ నడిచేవాళ్లను హెచ్చరించండి.

వేసవిలో కూడా హ్యాంగర్లలో చలిగా ఉండొచ్చు, పెద్దవాళ్లు స్వెట్టర్ తెచ్చుకోవాలి. వాళ్లను మధ్యలో ఎక్కువ నడిపించకుండా, చివర అమెరికన్ ఎయిర్ మ్యూజియం కొసన ముగించండి. బస్సు డ్రైవర్‌తో మాట్లాడుకుని అటువైపే ఎక్కించుకునే వీలుందేమో మ్యూజియం వాళ్లను అడగండి.

బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో ఎగిరినవాళ్లతో మాట్లాడే వీలుందా అని కూడా రాశారు. లేదు. చివరివాడు జాన్ హెమింగ్వే 2025 మార్చిలో 105 ఏళ్ల వయసులో పోయారు. కానీ డక్స్‌ఫర్డ్‌ను నడిపే ఇంపీరియల్ వార్ మ్యూజియం దశాబ్దాలుగా రికార్డు చేసిన గొంతులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. బస్సులో రెండు మూడు వినిపించండి, వెళ్లేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు. చూశాక వింటేనే ఆ మాటల్లోని విమానం కళ్ల ముందుకొస్తుంది.

సమయం మిగిలితే కేంబ్రిడ్జ్ అవతల మ్యాడింగ్లీలో అమెరికన్ సైనికుల సమాధుల తోట ఉంది. 3,800కు పైగా సమాధులు, గల్లంతైనవాళ్ల గోడమీద 5,127 పేర్లు. సాయంత్రం ఐదుకు మూసేస్తారు కనుక డక్స్‌ఫర్డ్‌లో మూడుకల్లా బయల్దేరాలి. పెద్దవాళ్లు అలిసిపోయి కనిపిస్తే దాన్ని మానేయండి, ఇంకోసారి వేరుగా పెట్టుకోవచ్చు.

మీ బస్సు ఎన్నింటికి చేరుతుందో, వీల్‌చెయిర్ ఎంతమందికి కావాలో రాస్తే, హ్యాంగర్ల వరుస ఎలా పెట్టుకోవాలో గంటల లెక్కతో చెబుతాను.